మా బడి మంచిగ లేదు సార్

పోయిన నెల పటేల్‌గూడలో మా తమ్ముడు శ్రీను ఇంటికి వెళ్ళాను. ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాక వాడు కొనుక్కున్న ఫ్లాటు అది. భోజనాలయ్యాక అందరం బాల్కనీలో కూర్చున్నాం. వాడి కోడలు శ్రావణి, ఐదో తరగతి అయిపోయిన కూతుర్ని ఏ హైస్కూల్లో వేయాలో తేల్చుకోలేక, ఒక్కో బడి గురించి జనం రాసిన అభిప్రాయాలు ఫోనులో చదువుతోంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "అత్తమ్మా, మీరు సదివిన ఊరి హైస్కూలు గూడ ఉన్నది ఇండ్ల" అంది. చదవమన్నాను. బాత్రూములు ఘోరమని ఒక తండ్రి రాశాడు. సార్లు మంచిగా చెబుతారని ఒక విద్యార్థి రాశాడు. గతి లేనివాళ్ళు పంపే బడి అని ఇంకొకామె రాసింది. అన్నీ కలిపి ఐదింటికి రెండు స్టార్లు.

శ్రీను వక్కపలుకు నోట్లో వేసుకుని నవ్వాడు. "ఆ బడికి రెండు ఎక్కువనే. ఇప్పుడు అండ్ల మనోళ్ళు ఎవలున్నరే అక్కా? అంత బీహారోళ్ళ పిల్లలు, ఒడిశావోళ్ళ పిల్లలు. ఊరోళ్ళు ఒక్కలు గూడ పంపుతలేరు."

వయసు పైబడితే కోపం తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు. నేను సంగారెడ్డి కోర్టులో టైపిస్టుగా చేరి, అక్కడే తల నెరిసేదాకా పనిచేశాను. సాక్షులు చెప్పింది చెప్పినట్టు కొట్టడం నా ఉద్యోగం. ఒక మనిషి ఒకటి మంచిదనో చెడ్డదనో చెప్పినప్పుడు, ఆ మాట కంటే ముందు ఆ ప్రశ్న ఎవరు అడిగారో, జవాబుతో ఏం చేయబోతున్నారో చూసుకోవాలని ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరికైనా తెలుస్తుంది. నాకు మాత్రం అది కోర్టుకు వెళ్ళక చాలా ముందే తెలిసింది. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఆ రెండు స్టార్ల బడి వరండాలో, మా అమ్మ నోటి నుంచి తెలిసింది. ఆ సంగతి శ్రావణికి చెబుదామని మొదలుపెట్టాను గానీ ఆమెకు ఫోన్ వచ్చి లోపలికి వెళ్ళిపోయింది. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

మా ఊరు జిన్నారం పక్కన. మాకు భూమి ఉండేది. భూమి ఎక్కడికీ పోలేదు, నీళ్ళు పోయాయి. చుట్టూ ఫ్యాక్టరీలు లేచాక బావిలో నీళ్ళకు ముందు రంగు మారింది, తర్వాత వాసన మారింది, ఆ తర్వాత నారు పోస్తే నారు మాడిపోయింది. నాయిన ఒక ఏడు ఆగి చూశాడు, ఇంకో ఏడు ఆగి చూశాడు, చివరికి నాగలి కొట్టంలో నిలబెట్టి మందుల ఫ్యాక్టరీలో లేబరుగా చేరాడు. ఊరి పెద్ద పటేల్ ఒక మాట చెబితేనే గేటు లోపలికి రానిచ్చేవాళ్ళు. ఆ మాట పటేల్ చెప్పాడు, చెప్పానని మేం మరిచిపోకుండా కూడా చూసుకున్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో పొద్దు సైరనుతో పొడిచేది, సైరనుతోనే కుంకేది. నాయినకు ఫస్టు షిఫ్టయితే అమ్మ చీకటితో లేచి జొన్న రొట్టెలు కొట్టేది. నైటు షిఫ్టయితే పగలంతా ఇంట్లో గుసగుసలే, ఆయన పడుకుని ఉంటాడు కాబట్టి గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకూడదు. ఆయన బట్టల కోసం పెరట్లో విడిగా ఒక సగం కోసిన డ్రమ్ము ఉండేది. వాటిని మా బట్టలతో కలిపేవాళ్ళం కాదు. మందుబిళ్ళ నాలుక మీద కరిగిపోతే వచ్చే చేదు లాంటి వాసన వాటిది. ఎంత ఉతికినా చంకల దగ్గర, కాలరు దగ్గర మిగిలేది. రొట్టె కాలే వాసన, ఆ వాసన, రెండూ కలిస్తేనే నాకు ఇప్పటికీ ఇల్లు గుర్తొస్తుంది.

ఫ్యాక్టరీ జీతం చేతికి వచ్చాక ఊళ్ళో మగపిల్లల మెడల్లో టైలు వచ్చాయి. పట్నం నుంచి వచ్చిన ఒకాయన రోడ్డు మీద రేకుల షెడ్డు వేసి ఇంగ్లీషు మీడియం కాన్వెంటు పెట్టాడు. దానికి ఒక పసుపు వ్యాను ఉండేది. ఒక్కో ఇంటి నుంచి మగపిల్లలు సర్కారు బడి మానేసి ఆ వ్యాను ఎక్కారు, ఆడపిల్లలు బడిలోనే ఉండిపోయారు. మా ఇంట్లోనూ అంతే. శ్రీను వ్యాను ఎక్కాడు, నేను నడిచాను. పొద్దున్నే అమ్మ ఇత్తడి చెంబులో నిప్పులు పోసి వాడి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసేది. వాడి బూట్లకు నేను పాలిష్ పెట్టేదాన్ని. చెంబు ఇంకా వేడిగా ఉంటే నా ఓణీ మీద ఒకసారి తిప్పేది, చల్లారితే లేదు. దీని గురించి ఎవరి మీదా ఎవరికీ కోపం ఉండేది కాదు, అది అలా జరగాల్సిందే అన్నట్టు జరిగిపోయేది. నాకు మాత్రం ఉండేది. వాడి ఎడమ బూటుకు నేను ఎప్పుడూ కొంచెం తక్కువ పాలిష్ పెట్టేదాన్ని.

ఇప్పుడు ఫోనులో రాసినట్టుగా అప్పుడు ఎవరైనా రాయమంటే మా బడి గురించి మేం ఏం రాసేవాళ్ళమో నాకు బాగా తెలుసు, ఎందుకంటే రోజూ దాన్ని తిట్టుకుంటూనే నడిచేవాళ్ళం. పెంకులు పగిలి వాన పడితే రెండు తరగతులు ఒక గదిలో కూర్చునేవి. ఇంగ్లీషు సార్ బదిలీ అయి వెళ్ళిపోయాక ఇంకొకరు రాలేదు. సైన్సు గదికి తాళం వేసి ఉండేది, దాని చెవి హెడ్మాస్టర్ దగ్గర ఉందని కొందరు, ఎవరి దగ్గరా లేదని కొందరు. గాలి మళ్ళితే ఫ్యాక్టరీ వాసన గదుల్లోకి వచ్చేది, అప్పుడు అందరం ఓణీ కొంగులు ముక్కులకు కట్టుకుని ఎక్కాలు అప్పజెప్పేవాళ్ళం. అయితే మాకు విఠల్ సార్ ఉండేవాడు. సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేవాడు, లెక్కలు చెప్పేవాడు. లెక్క రాకపోతే కొట్టేవాడు కాదు, "నేనే సక్కగ చెప్పలే, మళ్ళ చెప్త" అని బోర్డు తుడిచేవాడు. ఇంగ్లీషు పాఠం కూడా ఆయనే చదివేవాడు. "నాకు గూడ రాదు. అందరం కలిసి నేర్సుకుందాం" అనేవాడు. పక్క బెంచీలో షమీమ్ ఉండేది. వాళ్ళమ్మ రహమత్ బీ ఇంటింటికీ తిరిగి గాజులు అమ్మేది. షమీమ్‌కు లెక్కలంటే ఆకలి. విఠల్ సార్ ఇచ్చిన లెక్క అయిపోతే తనే ఒకటి తయారు చేసుకుని చేసుకునేది.

ఆ ఏడు వానాకాలం పోయాక ఒకరోజు విఠల్ సార్ బోర్డు వైపు తిరగకుండా మా వైపే నిలబడి ఒక మాట చెప్పాడు. మగపిల్లలు పోయి బడిలో సంఖ్య తగ్గింది కాబట్టి తొమ్మిది, పది తరగతులు ఎత్తేసి జిన్నారం పంపాలని పైన ఒక ఆలోచన ఉంది. సంగారెడ్డి నుంచి ఆఫీసర్ వచ్చి తల్లిదండ్రులను బడి ఎలా ఉందని అడుగుతాడు. బాగా లేదని అందరూ అంటే, ఆ మాటే రాసుకుని ఎత్తేస్తారు. ముందు ఆ రెండు, తర్వాత మిగతావీ పోతాయని, రోడ్డు పక్కనున్న బడి జాగ లారీలు నిలబెట్టుకోవడానికి కావాలని ఫ్యాక్టరీ అడుగుతోందని, పటేల్ సరేనన్నాడని మాకు అప్పటికే చెవిన పడింది. జిన్నారం తొవ్వ మాకు తెలుసు. రెండు వైపులా ప్రహరీ గోడలు, మధ్యలో లారీలు, సందు సందుకూ ఎక్కడెక్కడినుంచో వచ్చిన లేబర్. ఆ తొవ్వన ఏ ఇంట్లోనూ ఆడపిల్లను పంపరు. తరగతి అంతా ఆడపిల్లలమే ఉన్నాం. ఎవరికీ వివరించి చెప్పనక్కర్లేదు.

షమీమ్ లేచి నిలబడింది. "అయితే మంచిగున్నదని చెప్పాల్నా సార్?"

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు. "అబద్ధం చెప్పమని నేనెట్ల చెప్త బిడ్డా" అన్నాడు.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ రొట్టెలు కొడుతోంది, నాయిన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనే ముందు మాట్లాడాడు.

"పటేల్ హోటల్ కాడ చెప్పిండు. ఉన్నదున్నట్టు చెప్పున్రి, ఆఫీసర్ ఏదన్న మంచి చేస్తడు అన్నడు. బడి మంచిగ లేదన్నది నిజమే గద."

"నిజమే" అంది అమ్మ.

"ఇగ మనకెందుకు? ఆయన చెప్తెనే నాకు కొలువిచ్చిండ్రు. అయినా ఆడివిల్ల, తొమ్మిది దాంక సదివింది. సాలదా?"

అమ్మ రొట్టెను పెనం మీద వేసి, నీళ్ళు చల్లి, గుడ్డతో ఒత్తింది. ఆ పని అయ్యాక అడిగింది. "ఆఫీసర్ వచ్చేనాడు నీకు ఏ షిఫ్టు?"

"ఫస్టు."

"మంచిది" అంది, ఇంకో ముద్ద తీసుకుంది.

అమ్మ అంతవరకూ మగవాళ్ళు కూర్చున్న చోట నోరు విప్పిన మనిషి కాదు. పటేల్ ఎదురైతే కొంగు తల మీదికి లాక్కుని పక్కకు జరిగేది. కానీ బడి విషయంలో ఆమెకు ఒక పట్టుదల ఉంది, అది నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రాత్రి పక్కలో పడుకున్నప్పుడు చెప్పింది. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు ఊరంతా కలిసి ఆ బడి గోడలు లేపారట. ఇంటికొక మనిషి రావాలంటే మా ఇంటి నుంచి అమ్మ వెళ్ళిందట. మట్టి తట్టలు మోసి మోసి మెడ పట్టేస్తే నానమ్మ ఆముదం కాచి రాసిందట. "నా మెడ మీదికెళ్ళి పోయిన మట్టి అది. పటేల్ అమ్ముకుంటడా?" అంది, అటు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున్నే గాజుల మలారం భుజానికి తగిలించుకుని రహమత్ బీ మా ఇంటికి వచ్చింది. ఇద్దరూ పెరట్లో నిలబడి ఏదో మాట్లాడుకున్నారు. ఆ వారం రహమత్ బీ తిరగని వాడ లేదు. తర్వాత షమీమ్ చెప్పింది, ఆ వారం వాళ్ళమ్మ గాజులు అమ్మడం కంటే మాట్లాడటమే ఎక్కువ చేసిందని.

ఆఫీసర్ వచ్చిన రోజు వరండాలో కుర్చీలు వేశారు. ఆయన మర్యాదస్థుడే, ఎవరినీ విసుక్కోలేదు. పటేల్ ఆయన పక్కన కూర్చున్నాడు. మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు మెట్ల కింద ఎండలో. ఇంతమంది ఆడవాళ్ళు వస్తారని ఎవరూ అనుకోలేదు కాబట్టి వాళ్ళకు చాప కూడా వేయలేదు. మేం కిటికీ దగ్గర తోసుకుంటూ నిలబడ్డాం. బడి ఎలా ఉందో చెప్పండని ఆఫీసర్ అడిగాడు. ఒక్కొక్కరు లేచి చెప్పారు. పెంకులు లేవు. ఇంగ్లీషు సార్ లేడు. బోరింగు నీళ్ళు పచ్చగా వస్తున్నాయి. చదువు సాగట్లేదు. చెప్పినవాళ్ళలో చాలామంది కొడుకులు అప్పటికే కాన్వెంటులో ఉన్నారు. ఆఫీసర్ తల ఊపుతూ విన్నాడు. చివరికి, "అయితే పెద్ద తరగతులను జిన్నారం బడిలో కలిపితే ఎవరికీ అభ్యంతరం లేదన్నమాట" అన్నాడు.

"ఏం లేదు సార్" అన్నాడు పటేల్.

"ఉన్నది సార్."

అది అమ్మ గొంతు. ముందు నేనే నమ్మలేదు. మెట్ల కింద నుంచి లేచి నిలబడింది. కొంగు తల మీదే ఉంది.

"మా బడి మంచిగ లేదు సార్" అంది. "వాళ్ళు చెప్పింది అంత నిజం. ఒక్కటి గూడ అబద్ధం లేదు. గని మేం చెప్పింది బడిని బాగు చేయమని. తీస్కపొమ్మని కాదు. పెంకులు లేవంటే పెంకులు ఎయ్యాలె. సార్ లేడంటే సార్‌ను పంపాలె. మా ఇంట్ల పొయ్యి పొగలేస్తది, పొగలేస్తదని మేం వంట బంద్ జేసి పక్కూరికి తిననీకి పోతమా?"

"లచ్చమ్మా, నువ్వు కూసో" అన్నాడు పటేల్. గట్టిగా కూడా అనలేదు. అలా అనడం ఆయనకు అలవాటు, అంతే.

"కూసుంట పటేలా. చెప్పినంక కూసుంట."

పక్కనుంచి రహమత్ బీ లేచింది. "ఆఫీసర్ సాబ్, బడి మంచిగ లేదన్నోళ్ళ పిల్లలు ఇండ్ల సదువుతలేరు. ఇండ్ల సదివేటోళ్ళు గా కిటికీ కాడ నిలవడ్డరు. జెర వాళ్ళను గూడ పూఛో."

ఆఫీసర్ మా వైపు తిరిగాడు. మగవాళ్ళందరూ మా వైపు తిరిగారు. షమీమ్ నా నడుంలో పొడిచింది. బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాక నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. "నువ్వు చెప్పమ్మా, బడి ఎలా ఉంది?" అన్నాడు ఆయన. విఠల్ సార్ స్తంభం దగ్గర నేల చూస్తూ నిలబడ్డాడు.

"లెక్కలు మంచిగ చెప్తరు సార్" అన్నాను. అక్కడితో ఆపేసి ఉండవచ్చు. కానీ అమ్మ ఇంకా నిలబడే ఉంది, ఆమె నిలబడి ఉండగా సగం చెప్పి కూర్చోవడం నా వల్ల కాలేదు. "ఒంటికి పోనీకి జాగ లేదు సార్. వెనక రోడ్డు, ముందర రోడ్డు. అందుకని పొద్దుగాల వచ్చినకాడినుంచి ఇంటికి పోయేదాంక మేం నీళ్ళు తాగం. ఇంటికాడ గూడ తాగకుండనే వస్తం. ఎవ్వలం తాగం సార్."

మగవాళ్ళు కొందరు తలలు దించుకున్నారు, కొందరు ఇలాంటి మాట ఆడపిల్ల నలుగురిలో అనడమేంటన్నట్టు నన్ను చూశారు. నేను అమ్మను చూశాను. రెండేళ్ళుగా నాకు సాయంత్రాలు తలనొప్పి వచ్చేది. చదువుకుని చదువుకుని కళ్ళు పాడైపోతున్నాయని అమ్మ నుదుటికి తడిగుడ్డ కట్టేది, దిష్టి తీసేది, ఒకసారి పటాన్‌చెరు దవాఖానకు కూడా తీసుకెళ్ళింది. అది ఎందుకు వస్తుందో ఆమెకు ఆ నిమిషం దాకా తెలియదు. ఆమె ముఖం అలా మారిపోవడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. మెట్ల కింద ఆడవాళ్ళందరూ తమ తమ కూతుళ్ళను వెతుక్కుంటూ కిటికీ వైపు చూస్తున్నారు.

ఆఫీసర్ ఏం రాసుకున్నాడో నాకు తెలియదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. లోపలికి వెళ్ళి కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చింది. "తాగు" అంది. తాగాను. మళ్ళీ ముంచింది. "ఇంక తాగు." చాలన్నా వినలేదు.

సాయంత్రం నాయిన షిఫ్టు దిగేసరికే సంగతి ఫ్యాక్టరీ గేటుకు చేరింది. అన్నం పెడితే ముట్టుకోలేదు. పడుకున్నాడు. ఆ నెల తిరిగేలోపే ఆయనను మెషీన్ల దగ్గర నుంచి తీసేసి డ్రమ్ములు కడిగే పనిలో వేశారు. ఫ్యాక్టరీలో దానికంటే హీనమైన పని లేదు. చేతుల మీద తోలు లేచిపోయేది. అమ్మ కొబ్బరినూనె రాస్తూ, "నా వల్లనే గద" అంది. నాయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మార్చిండ్రు. అయితేంది?" అన్నాడు. ఆయన ఆ మాట అన్న తీరు నాకు చాలా నచ్చింది. దాన్ని ఆ తర్వాత నా జీవితంలో చాలాసార్లు వాడుకున్నాను.

బడిని ఎత్తేయలేదు. ఎత్తేయడం లేదని కూడా ఎవరూ చెప్పలేదు, ఊరికే ఆ మాట ఆగిపోయింది. పెంకులు రాలేదు, ఇంగ్లీషు సార్ రాలేదు, ఆడపిల్లలకు జాగ గురించి కాగితం పెట్టామని హెడ్మాస్టర్ అన్నాడు. అమ్మవాళ్ళు కాగితం కోసం ఆగలేదు. ఒక ఆదివారం ఆడవాళ్ళే పారలు, తట్టలు పట్టుకుని వచ్చి బడి మూలన గుంత తవ్వారు. విఠల్ సార్ సెలవు రోజైనా బస్సెక్కి వచ్చి కట్టెలు పాతాడు. గోడలకు రేకులు కావాలి. ఏం చేద్దామా అనుకుంటుంటే నాయిన సైకిల్ మీద వచ్చాడు. పనికిరావని పడేసిన డ్రమ్ములను సూపర్‌వైజరును అడిగి తీసుకుని, చీల్చి, చదునుగా కొట్టి, క్యారియరుకు కట్టుకుని తెచ్చాడు. రేకులు దించి, సుత్తె అడిగి తీసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. బడి జాగలో ఎవరిని అడిగి కడుతున్నారని పటేల్ మనిషిని పంపాడు. రహమత్ బీ గుంత గట్టు మీదే కూర్చుని, "వచ్చి చూస్కోమను, ఏం కడుతున్నమో మేమే చూపిస్తం" అంది. ఆ మనిషి వెళ్ళిపోయాడు. పటేల్ రాలేదు. మర్నాడు విరామంలో మేమంతా వరసగా నిలబడి, ఇళ్ళనుంచి తెచ్చుకున్న సీసాల్లోని నీళ్ళు గటగటా తాగాం. పండుగలా ఉండింది.

ఇది విన్నవాళ్ళు ఆ తర్వాత మేమంతా గొప్పవాళ్ళమయ్యామని చెబుతానేమో అనుకుంటారు. అలా ఏం కాలేదు. పదిలో షమీమ్ పాసైంది, నేను ఇంగ్లీషులో తప్పాను. మళ్ళీ రాసి పాసయ్యాను. ఇంగ్లీషు సార్‌ను పంపని బడిలో ఇంగ్లీషు తప్పడం నా తెలివితక్కువతనం అని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. షమీమ్‌కు ఇంటర్ చదవాలని ఉండింది, పెళ్ళి చేశారు. పటాన్‌చెరులో కుట్టు దుకాణం పెట్టింది. తన పిల్లలను కూడా సర్కారు బడికే పంపింది, ప్రతి మీటింగులోనూ సార్లు బెదిరిపోయేదాకా మాట్లాడింది. కాన్వెంటు చదువు శ్రీనుకు పనికొచ్చింది, అది కాదనను. వాడు మంచివాడు, అమ్మను చివరిదాకా చూసుకున్నాడు. కానీ ఆ బడి గతిలేనివాళ్ళదని నా ముందు అంటే మాత్రం ఊరుకోను. అది మాది. మంచిగా లేదని అనే హక్కు మాకుంది, ఎందుకంటే దాంట్లో కూర్చున్నది మేము. వ్యానులో దాని పక్కనుంచి పోయినవాళ్ళకు అంతే హక్కుందని నేను అనుకోను.

ఆ కోపం తగ్గక, శ్రీను ఇంటి నుంచి సంగారెడ్డికి తిరిగి వెళ్ళాల్సిన దాన్ని ఆటో ఎక్కి ఊరికి పోయాను. బడి ఇప్పుడు రెండంతస్తులు. పెంకుల ఊసే లేదు. మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు, పప్పు వాసన గేటు దాకా వస్తోంది. ఇంగ్లీషుకు ఇద్దరు టీచర్లున్నారు. మా రోజులతో పోలిస్తే స్వర్గం అని నాతో ఎవరైనా వచ్చి ఉంటే అనేవాళ్ళే. నేను అనను. నా కష్టాన్ని కొలబద్ద చేసి ఇప్పటి పిల్లలను సర్దుకుపొమ్మనడం నాకు నచ్చదు. మెట్ల మీద తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి కూర్చుని ఉంది. పేరు పింకీ. వాళ్ళది బీహార్, తల్లీ తండ్రీ ఇద్దరూ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. తెలుగు మాత్రం మా ఊరి పిల్ల మాట్లాడినట్టే ఉంది.

"బడి ఎట్లున్నది బిడ్డా?" అన్నాను.

"మీరు ఆఫీసు నుంచి వచ్చిండ్రా?"

"కాదు. నేను గీడనే సదివిన."

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "సార్లు మంచిగ చెప్తరు. సైన్స్ మేడం మస్తు మంచిగ చెప్తది. బాత్రూంల నీళ్ళు రావు. మోటరు కాలిపోయింది, ఎవ్వలు బాగు చేయిస్తలేరు."

"మీ అమ్మ ఏమంటది?"

"మమ్మీకి తెలుగు రాదు. మీటింగ్‌కు వస్తది, వెనక కూసుంటది, సంతకం పెట్టి పోతది. ఆమెను ఎవ్వలు అడగరు." మళ్ళీ తనే, "మీరు ఊకెనే అడుగుతున్నరా, ఎవలికన్న చెప్తరా?" అంది.

నేను చెబితే అది నా మాట అవుతుంది. అది సరిపోదని నాకు తెలుసు. "మళ్ళ మీటింగ్ ఎప్పుడు?" అన్నాను.

"శనివారం."

"మీ మమ్మీని ముందట కూసోమను. హిందీల చెప్పమను. నువ్వు తెలుగుల చెప్పు. నేను పక్కకు కూసుంట."

శనివారం వెళ్ళాను. పింకీ వాళ్ళమ్మ డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, తల మీద కంపెనీ టోపీ తీయడం కూడా మరిచిపోయింది. ఎప్పటిలాగే వెనక్కి పోబోతుంటే పింకీ చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి లాక్కొచ్చింది. నేను పక్కన కూర్చున్నాను. హెడ్మాస్టర్ అందరినీ ఒకసారి చూసి, ఎవరైనా ఏమైనా చెప్పాలా అని, లేదనే జవాబుకు అలవాటుపడిన మనిషిలా ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. ఆమె లేచి నిలబడింది. మొదటి రెండు మాటలు నోట్లోనే పోయాయి. తర్వాత గొంతు దొరికింది. మోటరు గురించి చెప్పింది, నీళ్ళ గురించి చెప్పింది, అక్కడినుంచి ఎండాకాలం తిరగని ఫ్యాన్లకు, ఉడకని అన్నానికి, బీహారీ పిల్లలని వెనక బెంచీలో కూర్చోబెట్టడానికి వచ్చింది. పింకీ తెలుగులో చెబుతూ చెబుతూ వెనకబడిపోయింది. "మమ్మీ, జెర ఆగు" అంది.

ఆమె ఆగలేదు.